జెనీవాకు రాసే అర్జీ
(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి చెప్పవలసినవారు చెప్పేశారు. మీకు కావలసినవి అవేనని నాకు తెలుసు. నాకు కావలసినవీ అవే. ఇప్పుడు నేను జెనీవా గురించి మాట్లాడతానంటే, భోజనాల వేళకు ఈయనెక్కడ దొరికాడురా బాబూ అని మీలో కొందరైనా అనుకుంటారు. కార్యదర్శి గారు అరగంట ఇచ్చారు. అంతకు మించితే బెల్లు కొట్టమని వారికి నేనే చెప్పాను.

అసలు ఈ విషయం ఎందుకెత్తానో ముందు చెబుతాను. కిందటి నెల సంఘం ఆఫీసులో లైఫ్ సర్టిఫికెట్ల పని చూస్తుంటే మన సభ్యులొకరు వచ్చి పక్కన కూర్చున్నారు. వారి పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నారు. వారబ్బాయి ఒక ప్రైవేటు కర్మాగారంలో తొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాడు. అక్కడ కొత్తగా యూనియన్ పెట్టారు, ఈ అబ్బాయి సహాయ కార్యదర్శి అయ్యాడు. రెండు నెలలు తిరక్కుండా షిఫ్టు మార్చారు, తర్వాత విభాగం మార్చారు, ఆ తర్వాత క్రమశిక్షణ లేదని మెమో ఇచ్చారు, చివరికి ఇంటికి పంపారు. ఆ కాగితాల్లో యూనియన్ అనే మాట ఒక్కచోట కూడా లేదు. అంతా చెప్పి ఆయన, "అన్నయ్యగారూ, ఐ.ఎల్.ఓ. అని ఒకటుందటగా, దానికి మనం అర్జీ పెట్టుకోవచ్చా?" అని అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను. ఒక్కరికి చెప్పే జవాబు పదిమందికీ పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

ఐ.ఎల్.ఓ. అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో పుట్టింది. ఐక్యరాజ్య సమితి కంటే ఇరవై ఆరేళ్ళు పెద్దది. దానికొక విశేషం ఉంది. మిగతా అంతర్జాతీయ సంస్థల్లో ప్రభుత్వాలే కూర్చుంటాయి. ఇందులో ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ముగ్గురూ కూర్చుంటారు, ముగ్గురికీ ఓటుంటుంది. మన దేశం దానిలో మొదటినుంచీ సభ్యదేశం. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి మహాసభకు కార్మికుల తరఫున ఎన్.ఎం. జోషీ గారు వెళ్ళారు. ఏటేటా ప్రతినిధిని పంపాలంటే కార్మికుల పక్షాన మాట్లాడే అఖిలభారత సంస్థ ఒకటుండాలి గదా, 1920లో ఎ.ఐ.టి.యు.సి. ఏర్పడటానికి ఉన్న కారణాల్లో అదొకటి.

మన తెలుగువారికి అక్కడ పాత చుట్టరికమే ఉంది. బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి గారు, మనం వి.వి. గిరి అంటాం, 1927లోనే భారత కార్మికుల ప్రతినిధిగా జెనీవా వెళ్ళారు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మిక సంఘాన్ని నిలబెట్టింది వారే. 1952లో కేంద్రంలో కార్మిక మంత్రి అయి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేసి బయటికొచ్చారు. తర్వాత రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు గాని, తీర్పు మార్చారని పదవి వదులుకున్న మంత్రిగానే నాకాయన మీద ఎక్కువ గౌరవం.

సరే, అసలు విషయానికి వస్తాను. ఐ.ఎల్.ఓ. చేసిన ఒడంబడికలు చాలా ఉన్నాయి. మనకు కావలసినవి రెండు. 1948లో చేసిన 87వ నెంబరుది, 1949లో చేసిన 98వ నెంబరుది. మొదటిది, ఎవరి అనుమతీ అక్కరలేకుండా సంఘం పెట్టుకునే హక్కు. ఆ హక్కు ప్రభుత్వోద్యోగులకూ ఉంది. సైన్యం, పోలీసుల సంగతి మాత్రం ఆయా దేశాల చట్టాలకు వదిలేశారు. రెండోది, సంఘంలో చేరినందుకు కక్ష సాధించకుండా రక్షణ, యాజమాన్యంతో సమష్టిగా బేరమాడే హక్కు. ఈ 98వ దాని మొదటి అధికరణంలోనే ఉంది: సంఘంలో చేరనని రాసిస్తేనే ఉద్యోగం ఇస్తాననకూడదు, సభ్యుడైనందుకు గాని, పని వేళలు కాని సమయంలో సంఘం పని చేసినందుకు గాని ఉద్యోగం తీయకూడదు, ఇంకే రకంగానూ హాని చేయకూడదు.

"ఇంకే రకంగానూ" అనే మాటలోనే అసలు కిటుకంతా ఉంది. యూనియన్లో చేరావు కాబట్టి తీసేశాను అని ఏ యజమానీ కాగితం మీద రాయడు. మనమంతా ఆఫీసుల్లో జుట్టు నెరిసినవాళ్ళం, నేను చెప్పాలా? మాట వినని సెక్రటరీకి ఎక్కడో మారుమూల సబ్ ఆఫీసు దొరుకుతుంది. కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఒక వాక్యం పడుతుంది. లీవు అర్జీ బల్లమీద నిద్రపోతుంది. ప్రమోషన్ లిస్టులో పేరు ఒక మెట్టు దిగుతుంది. వీటిలో దేనికదే చూస్తే తప్పు కనిపించదు, "పాలనా సౌలభ్యం కోసం" అని రాసి ఉంటుంది. అన్నీ వరసన పేర్చి, పక్కన సంఘంలో ఏ తేదీన ఏం జరిగిందో రాసి చూస్తే గాని బండారం బయటపడదు.

ఇలాంటి ఫిర్యాదులు వినడానికి 1951లో ఐ.ఎల్.ఓ. పాలకమండలి ఒక కమిటీ వేసింది. సంఘ స్వాతంత్ర్య కమిటీ అని మనం చెప్పుకోవచ్చు. ముగ్గురు ప్రభుత్వ సభ్యులు, ముగ్గురు యజమానులు, ముగ్గురు కార్మికులు, పైన స్వతంత్రుడైన అధ్యక్షుడు. రాబర్టో అగో అనే ఇటలీ న్యాయశాస్త్రవేత్త 1961 నుంచి 1995 దాకా ఆ కుర్చీలో కూర్చున్నారు. మన సర్వీసు మొత్తమంత కాలం! ఏడాదికి మూడుసార్లు సమావేశమవుతుంది. ఏ దేశం కేసు వస్తే ఆ దేశపు సభ్యుడు లేచి బయటికి వెళ్ళాలి. ఇప్పటికి మూడువేలకు పైగా కేసులు చూసింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఒడంబడిక మీద సంతకం చేయని దేశం మీద కూడా ఈ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఐ.ఎల్.ఓ.లో సభ్యత్వం తీసుకున్నావంటేనే సంఘ స్వాతంత్ర్యం ఒప్పుకున్నట్టు అని వారి వాదన. క్లబ్బులో చేరి రూల్సు నాకు వర్తించవంటే కుదరదు గదా.

మన దేశం ఆ రెండు ఒడంబడికల మీదా ఇప్పటిదాకా సంతకం చేయలేదు. 1948లో లేదు, ఈ రోజుకీ లేదు. ఏ పెద్ద మిల్లు యజమానో అడ్డుపడి ఉంటాడని నేను చాలాకాలం అనుకున్నాను. పార్లమెంటులో ఎప్పుడు ప్రశ్న అడిగినా ప్రభుత్వం చెప్పే కారణం వేరు. సంతకం చేస్తే ప్రభుత్వోద్యోగులకు కొన్ని హక్కులు ఇవ్వవలసి వస్తుంది, సమ్మె చేయడం, ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడం వంటివి, అవి కాండక్ట్ రూల్సులో నిషిద్ధం, కాబట్టి సంతకం చేయలేం అని. అంటే ఎవరి మూలాన ఆగిందయ్యా అంటే, మన మూలాన! మనకు హక్కులు ఇవ్వవలసి వస్తుందనే భయంతో కర్మాగారంలో మిషను దగ్గర నిలబడే కుర్రాడికి కూడా ఆ రక్షణ లేకుండా పోయింది. ఇది తెలిసిన రోజున నాకు కాస్త సిగ్గేసింది. మనం చేసిన తప్పేం లేదు, అయినా.

కాండక్ట్ రూల్సు అంటే గుర్తొచ్చింది. గుర్తింపు లేని సంఘంలో సభ్యుడిగా ఉండకూడదని ఒకప్పుడు 4-బి అనే రూలు ఉండేది. ఆ రూలు చెల్లదని సుప్రీంకోర్టు 1962లో ఘోష్, జోసెఫ్‌ల కేసులో కొట్టేసింది. అంతకు ఒక ఏడాది ముందే బ్యాంకు ఉద్యోగుల కేసులో అదే కోర్టు, సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలో ఉంది గాని, దానితోపాటు సమ్మె హక్కూ బేరమాడే హక్కూ ఉన్నాయనుకోవద్దని చెప్పింది. ఇంట్లోకి రమ్మని కుర్చీ వేయకపోవడం లాంటిది.

నా సొంత సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళతాను. 1968 సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఒక్కరోజు టోకెన్ సమ్మె. అవసరాలకు తగిన కనీస వేతనం కావాలని. దానికి ముందే ఆర్డినెన్సు తెచ్చి సమ్మెను నిషేధించారు. నేను చేరి రెండేళ్ళయింది, టెంపరరీ గుమాస్తాను. నా రూమ్మేటు నాకంటే రెండేళ్ళు సీనియరు, ఆయనా టెంపరరీయే. ఇద్దరం సమ్మె చేశాం. మర్నాడు మా సూపరింటెండెంటు గారు నన్ను పిలిచి, ఆయన మంచివాడే, "నాయనా, జ్వరం వచ్చి రాలేదని, సమ్మెతో సంబంధం లేదని ఒక ముక్క రాసివ్వు, నేను చూసుకుంటాను" అన్నారు. ఇంటి దగ్గర పెళ్ళి కావలసిన చెల్లెళ్ళు ఇద్దరు. రాసిచ్చాను. నా రూమ్మేటు రాయలేదు. "నాకు జ్వరం రాలేదు గదా" అన్నాడు, అంతే. టెంపరరీ సర్వీసు రూల్సులో 5వ రూలు కింద నెల జీతం చేతిలో పెట్టి పంపేశారు. ఆ కాగితంలో కూడా సమ్మె అనే మాట లేదు.

ఆయన్ను 1973లో మళ్ళీ తీసుకున్నారు, కొత్తగా చేరినట్టు. వెనకటి నాలుగేళ్ళ సర్వీసు పోయింది, మధ్య ఖాళీ పోయింది. 2003లో రిటైరైతే ముప్ఫై ఏళ్ళ అర్హత సర్వీసు. ఆ రోజుల్లో పూర్తి పెన్షన్‌కు ముప్ఫై మూడేళ్ళుండాలని మీకు చెప్పనక్కరలేదు. అరవై ఆరు అర్ధ సంవత్సరాలకు గాను అరవై. పదకొండో వంతు కోత, బతికినన్నాళ్ళూ, నెల నెలా. ఆ ఒక్క రోజుకు. నాకు పూర్తి పెన్షన్ వచ్చింది. ఆయన ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలేదు. పెన్షన్ పేపర్లు నింపేటప్పుడు పక్కన కూర్చుని లెక్క కట్టింది నేనే. 2014లో ఆయన పోయారు. ముప్ఫై మూడేళ్ళ లంకె తీసేస్తూ పాత పెన్షనర్లకు ఉత్తర్వు వచ్చింది 2016 ఏప్రిల్‌లో. దాని ప్రకారం లెక్క వేసి, జీవితకాలపు బకాయిల కోసం ఆయన భార్య చేత దరఖాస్తు పెట్టించాను. ఇక ఆ సంగతి చాలు.

ఇంగ్లండులో ఒక కేసు జరిగింది. ఈ కమిటీ ఎంత చేయగలదో, ఎంత చేయలేదో తెలుసుకోవాలంటే అదే మంచి ఉదాహరణ. పైగా వాళ్ళు మనలాంటి ప్రభుత్వోద్యోగులు. చెల్టెన్‌హామ్ అనే ఊళ్ళో ప్రభుత్వానికి ఒక ఆఫీసుంది, జి.సి.హెచ్.క్యూ. అంటారు. విదేశాల వైర్‌లెస్ సందేశాలు పట్టుకుని గుట్టు విప్పడం వారి పని. అప్పట్లో సుమారు ఏడువేల మంది. 1984 జనవరి 25న విదేశాంగ మంత్రి జెఫ్రీ హౌ పార్లమెంటులో లేచి, ఇక ఆ ఆఫీసులో యూనియన్లు ఉండవని ప్రకటించాడు. అంతకు ముందు యూనియన్లతో ఒక్క మాట మాట్లాడలేదు. సభ్యత్వం వదులుకున్నవారికి వెయ్యి పౌన్లు ఇస్తామన్నారు, దానికీ ఇన్‌కంటాక్సు ఉందట! వదులుకోనివారు వేరే శాఖకు వెళ్ళవచ్చు, లేదా ఉద్యోగం పోతుంది. 1979 నుంచి 1981 దాకా జరిగిన సమ్మెల వల్ల దేశ రక్షణకు భంగం కలిగిందని ప్రభుత్వం చెప్పిన కారణం.

యూనియన్లు కోర్టుకు వెళ్ళాయి. జూలైలో హైకోర్టు వారి పక్షాన చెప్పింది, ఆగస్టులో పై కోర్టు తిరగేసింది, నవంబరులో హౌస్ ఆఫ్ లార్డ్స్, దేశభద్రత అన్నాక మేం చేయగలిగింది లేదంది. ఈలోగా అక్కడి యూనియన్ల సమాఖ్య టి.యు.సి. జెనీవాకు ఫిర్యాదు పంపింది. బ్రిటన్ 87వ ఒడంబడికను అందరికంటే ముందు, 1949లోనే ఒప్పుకున్న దేశాల్లో ఒకటి. అక్కడ ప్రభుత్వ లాయర్లు ఒక ఎత్తు వేశారు. 1978లో ప్రభుత్వోద్యోగుల కోసమే చేసిన 151వ ఒడంబడికలో, అత్యంత రహస్యమైన పని చేసేవారి సంగతి దేశ చట్టాలకు వదిలేశారు గదా, కాబట్టి 87 మాకు అడ్డురాదు అని. మనం నోట్ ఫైలులో రాసేవాళ్ళం, పాత జి.ఓ. ఉన్నా కొత్త జి.ఓ. వచ్చింది కాబట్టి అదే వర్తిస్తుందని, అచ్చం అలాగే. కమిటీ ఒప్పుకోలేదు. కొత్తది వచ్చింది పాతదానికి చేర్చడానికి గాని తగ్గించడానికి కాదు, 87లో మినహాయింపు సైన్యానికి, పోలీసులకు తప్ప గుమాస్తాలకు లేదు అని 1984 మధ్యకల్లా తేల్చేసింది.

ప్రభుత్వం వినిపించుకోలేదు. అక్కడ ప్రధాని శ్రీమతి థాచర్. ఎక్కువమంది వెయ్యి పౌన్లు పుచ్చుకుని సంతకం పెట్టారు. నేనెవరిని వారిని తప్పు పట్టడానికి? కొద్దిమంది పెట్టలేదు. 1988 చివర, 1989 మొదట్లో అలా మిగిలినవారిలో పద్నాలుగుగురిని డిస్మిస్ చేశారు. ఏడువేలలో పద్నాలుగుగురు. ఏటా జనవరి చివర చెల్టెన్‌హామ్ వీధుల్లో ఊరేగింపు జరిగేది. ఏటా జెనీవాలో కూడా, ఆ పాత నివేదికను ఏమి చేశారని బ్రిటిష్ ప్రభుత్వాన్ని అడిగేవారు. ఏటా వారు చెప్పిందే చెప్పేవారు. ఇలా పదమూడేళ్ళు. 1997 మేలో లేబర్ పార్టీ గెలిచింది. రెండు వారాలకు, మే 15న, కొత్త విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ నిషేధం ఎత్తేశాడు. తీసేసినవారిలో ఇష్టమున్నవారు తిరిగి పనిలో చేరారు.

జెనీవా గెలిపించిందా అంటే, లేదు. ఓట్లు గెలిపించాయి. కాని పదమూడేళ్ళపాటు, దేశంలో అతి పెద్ద కోర్టు కూడా కాదన్న తర్వాత, "మీరే న్యాయం" అని ముద్రవేసిన కాగితం ఒకటి ఆ పద్నాలుగుగురి చేతిలో ఉంది. ఆ కాగితం విలువ ఎంతో, 1968లో నా చేతిలో జ్వరం కాగితం ఉన్న నేను చెప్పగలను.

పోలండు సంగతి అందరికీ కాస్తో కూస్తో తెలుసు. 1981 డిసెంబరులో సైనిక శాసనం పెట్టి, మరుసటి ఏడు సాలిడారిటీ సంఘాన్ని రద్దు చేశారు. ఐ.ఎల్.ఓ. విచారణ సంఘం వేసి తప్పని చెబితే కోపం వచ్చి 1984 నవంబరులో ఐ.ఎల్.ఓ. నుంచే వెళ్ళిపోతామని నోటీసిచ్చింది ఆ ప్రభుత్వం. 1987లో ఆ నోటీసు వెనక్కి తీసుకుంది, 1989లో ఆ సంఘం మళ్ళీ చట్టబద్ధమైంది.

దక్షిణ కొరియా కథ ఇంకా మెలికలు తిరిగింది. 1989లో అక్కడి ఉపాధ్యాయులు సంఘం పెడితే దాదాపు పదిహేనువందల మందిని తీసేశారు. దేశం 1991లో ఐ.ఎల్.ఓ.లో చేరింది, అప్పటినుంచీ ఫిర్యాదులే ఫిర్యాదులు. 1999కి గాని ఆ సంఘాన్ని చట్టం ఒప్పుకోలేదు. మళ్ళీ 2013లో ఇంకో పేచీ. ఉద్యోగం పోయిన తొమ్మిదిమందిని సభ్యులుగా ఉంచుకున్నారు గనుక మీది సంఘమే కాదన్నారు. వేల వేల మంది సభ్యులున్న సంఘం, తొమ్మిదిమంది కోసం. ఎవరు సభ్యులో తేల్చుకోవలసింది సంఘమేనని కమిటీ మొదటినుంచీ చెబుతూనే ఉంది. ఆలోచించండి, తీసేసినవాడు సభ్యుడు కాకూడదంటే, నాయకుణ్ణి తీసేస్తే చాలు, సంఘానికి తల లేకుండా పోతుంది. 2020లో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2021లో కొరియా 87, 98 రెండింటినీ ధ్రువీకరించింది.

మన పొరుగున తమిళనాడులో 2003 జూలైలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. పెన్షన్, తదితర సదుపాయాల్లో కోతలకు వ్యతిరేకంగా ఉద్యోగులు, ఉపాధ్యాయులు సమ్మె చేస్తే, సుమారు లక్షా డెబ్భైవేల మందిని ఒక్క దెబ్బతో డిస్మిస్ చేశారు. విచారణ లేదు, చార్జిషీటు లేదు. సుప్రీంకోర్టు కలగజేసుకున్నాక చాలామందిని తీసుకున్నారు, బేషరతు క్షమాపణ రాయించుకుని. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే కాగితం చూడండి! ఆగస్టు 6న టి.కె. రంగరాజన్ కేసులో కోర్టు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదు, చట్టపరమైన హక్కు లేదు, నైతిక హక్కు కూడా లేదని చెప్పింది. మొదటి రెండూ కోర్టు చెప్పవలసిన మాటలే, మూడోది ఎందుకు చెప్పారో నాకిప్పటికీ బోధపడలేదు. ఆ వ్యవహారం సి.ఐ.టి.యు. ఫిర్యాదు మీద జెనీవాకు వెళ్ళింది. బడిపంతుళ్ళ వంటివారికి సమ్మె హక్కు ఉండాలని, ఆ ఎస్మా చట్టాన్ని సవరించాలని కమిటీ మన ప్రభుత్వాన్ని కోరింది.

అసలు సమ్మె హక్కు 87లో ఉందా లేదా అనే దాని మీద 2012 నుంచి ఐ.ఎల్.ఓ.లోనే పెద్ద తగవు నడిచింది. ఆ అక్షరాలు అందులో లేవని యజమానుల వాదన. 2023 నవంబరులో పాలకమండలి ఆ ప్రశ్నను హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపింది, 2025 అక్టోబరులో అక్కడ వాదనలు జరిగాయి. సంఘంలో చేరే హక్కు మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. మన మిత్రులకు జవాబు చెప్పి ముగిస్తాను.

అర్జీ మీరూ మీ అబ్బాయీ పెట్టడానికి లేదు. వ్యక్తుల ఫిర్యాదు తీసుకోరు. కార్మిక సంఘం పెట్టాలి. ఆ ఫ్యాక్టరీ సంఘమైనా సరే, అది చేరి ఉన్న కేంద్ర సంఘమైనా సరే. సంఘం రిజిస్టరు కాలేదనో, గుర్తింపు లేదనో తిప్పి పంపరు. కాగితం మీద సంతకం ఉండాలి, ఆధారాలు జతచేయాలి. దాన్ని డైరెక్టర్ జనరల్ పేర పంపితే, వారు మన ప్రభుత్వానికి పంపి జవాబు అడుగుతారు. జవాబు రాకపోతే రిమైండరు, ఆ తర్వాత, ఇక మీ జవాబు లేకుండానే చూస్తామని హెచ్చరిక. ఇదంతా మనకు కొట్టిన పిండే. ప్రాణాపాయం, అరెస్టులు ఉన్న కేసులు ముందు చూస్తారు, మిగతావాటికి నెలలు పడుతుంది, ఏళ్ళూ పట్టవచ్చు. చివరికి వారు చేసేది సిఫారసు. యజమానిని జైల్లో పెట్టరు, జీతం బకాయి కట్టించరు. ఆ యజమాని పేరుతో మాట్లాడరు కూడా, మీ దేశంలో ఇలా జరిగింది, మీరేం చేశారు అని ప్రభుత్వాన్ని అడుగుతారు.

కాబట్టి దాన్ని నమ్ముకుని ఇక్కడి పని మానుకోవద్దు. యూనియన్ పెట్టినందుకు కక్ష సాధించడం అక్రమ కార్మిక విధానమని మన చట్టంలో ఎప్పటినుంచో ఉంది. పారిశ్రామిక వివాదాల చట్టానికి 1982లో చేసిన సవరణతో వచ్చింది, 1984 నుంచి అమలైంది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది, 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి తెచ్చారు. ముందు రాజీ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టాలి. నలభై అయిదు రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఒక జాగ్రత్త: పాత చట్టంలో తీసేసిన నాటినుంచి మూడేళ్ళ గడువుండేది, కొత్త కోడ్‌లో అది రెండేళ్ళే. ఈ ముక్క మీ పిల్లల్లో ఎవరైనా ప్రైవేటు ఉద్యోగాల్లో ఉంటే ఇంటికి వెళ్ళగానే చెప్పండి.

నేను ఆ అబ్బాయి కాగితాలు చూశాను. మెమో తేదీ ఉంది, సంఘం మొదటి సమావేశం తేదీ ఉంది, మధ్య పదకొండు రోజులు. షిఫ్టు మార్చిన ఉత్తర్వు మాత్రం నోటితో చెప్పారట, కాగితం లేదు. ఆ షిఫ్టులో ఎవరెవరిని మార్చారో హాజరు పట్టీ నకలు సంపాదించమన్నాను. ఈ యూనియన్లో లేనివారిని ఒక్కరినైనా మార్చారా లేదా, అది తేలాలి. కుర్రాణ్ణి కంపెనీ వాళ్ళు పిలిచి, ఒక క్షమాపణ రాసిస్తే మళ్ళీ తీసుకుంటామన్నారట. రాయాలా వద్దా అని నన్నడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు లేదని చెప్పాను. రాస్తే మాత్రం, జ్వరం వచ్చిందని రాయకు నాయనా అన్నాను.

సోమవారం పది గంటలకు సంఘం ఆఫీసులో కూర్చుని తేదీల పట్టీ తయారు చేస్తున్నాం. టైపు చేసిపెట్టగలవారు ఒకరు కావాలి, నా కళ్ళు సహకరించడం లేదు. వచ్చేవారు భోజనాల దగ్గర నాతో చెప్పండి.